పద్దుకో నంబరు

వంటింట్లో ఉప్పు డబ్బా వేరు, పంచదార డబ్బా వేరు. డబ్బా మారిందో, టీ ఉప్పన!

పంచాయతీ డబ్బుకూ ఇట్లాంటి డబ్బాలున్నాయి. వాటిని పద్దులంటారు. పద్దుకో నంబరు. చదువుకు 2202. వైద్యానికి 2210. మంచినీళ్లకు, పారిశుద్ధ్యానికి 2215. దేశమంతా ఇవే నంబర్లు. 2020 నుంచి ఈ లెక్కలు ఈ-గ్రామ్ స్వరాజ్ అనే కంప్యూటరు పద్ధతిలో రాస్తున్నారు.

ఏ డబ్బు దేనికో కూడా ముందే నిర్ణయిస్తారు. 2021-22 నుంచి 2025-26 వరకు 15వ ఆర్థిక సంఘం నిధుల్లో నూటికి 60 రూపాయలు నీళ్లకు, పారిశుద్ధ్యానికే పెట్టాలి. తక్కిన 40 ఊరి ఇతర అవసరాలకు. వాటిలోంచి జీతాలు ఇవ్వకూడదు.

ఒక ఊరి సంగతి అనుకుందాం. బోరు మోటారు కాలింది. పది రోజులుగా ఆడవాళ్లు పొలం బావి నుంచి నీళ్లు మోస్తున్నారు. "నీళ్ల డబ్బు అయిపోయింది" అన్నారు పంచాయతీలో.

వార్డు మెంబరు ఒకామె కొత్తగా చదువు నేర్చింది. ఖర్చుల కాగితం తెచ్చి వేలు పెట్టి చదివింది.

"కోడలా, ఇటు చూడు. 2215 ఎదురుగా వీధి బల్బులని ఉందే!"

"కంప్యూటరు ఒప్పుకుందా అత్తా?"

ఒప్పుకుంటుంది మరి. హద్దు దాటితే ఆపమని చెబితే ఆపుతుంది. కానీ దానికి నంబరే తెలుసు. బల్బేదో, మోటారేదో తెలియదు. నంబరు తప్పు కొట్టినా మొత్తం సరిగ్గానే వస్తుంది. అందుకే ఈ తప్పు దొరకడం కష్టం.

గ్రామసభలో ఆమె లేచి నిలబడింది.

"సెక్రటరీ గారూ, ఈ బల్బుల బిల్లు 2215లో ఎందుకు రాశారండీ?"

ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితం అడిగి తీసుకున్నాడు.