అయస్కాంతం – పదార్థ స్వభావం

సూది అంటుకొనే రాయి కనుక మన పూర్వులు దానిని 'సూదంటురాయి' అన్నారు. సంస్కృతంలో 'అయస్కాంతం' (అయః + కాంతం, విసర్గ సంధి) అనగా ఇనుముకు ప్రియమైనది. రెండు పేర్లూ ఇనుమునే స్మరిస్తాయి. అయితే ఇతర పదార్థాలు కూడా ఎంతో కొంత అయస్కాంత ప్రభావానికి లోనవుతాయని 1845లో మైకేల్ ఫారడే ప్రయోగపూర్వకంగా నిరూపించాడు.

బిస్మత్, రాగి, నీరు స్వల్పంగా వికర్షణ చెందుతాయి. ఇవి డయా అయస్కాంత పదార్థాలు. అల్యూమినియం, ప్లాటినం స్వల్పంగా ఆకర్షణ చెందుతాయి. ఇవి పారా అయస్కాంత పదార్థాలు. ఇనుము, నికెల్, కోబాల్ట్ బలంగా ఆకర్షణ చెందుతాయి. ఇవి ఫెర్రో అయస్కాంత పదార్థాలు.

ఈ గుణం శాశ్వతం కాదు. ఉష్ణోగ్రత సుమారు 770 డిగ్రీల సెల్సియస్ దాటితే ఇనుము సైతం పారా అయస్కాంత పదార్థమవుతుంది.

ప్రశ్న: 'అయస్కాంతం' అనే పేరు ఎంతవరకు సార్థకమో వివరించండి.