ఓసీ గ్రాఫిక్స్ కార్డు కొంటున్నారా? మెగాహెర్ట్జ్ కన్నా ముందు వీఆర్‌ఎం చూడండి

తిరుపతిలో మే నెల మధ్యాహ్నం. బయట ఎండ 40 డిగ్రీలు దాటింది. గదిలో ఫ్యాన్ తిరుగుతున్నా వచ్చేది వేడిగాలే. ఆ టైమ్‌లో గేమ్ ఆన్ చేస్తే మీ గ్రాఫిక్స్ కార్డు పీల్చేదీ ఆ గాలినే. కానీ రివ్యూల్లో కనిపించే టెంపరేచర్లు చాలావరకు చల్లటి గదుల్లో కొలిచినవి. అందుకే బాక్సు మీద 'ఓసీ' అనే రెండక్షరాలు చూసి మురిసిపోకుండా, కార్డు లోపల ఏముందో చూడటం నేర్చుకుందాం. దీనికి 2016 నాటి ఒక కార్డు మంచి పాఠం.

ఓసీతో వచ్చేది ఎంత?

ఎన్విడియా జీటీఎక్స్ 1080 స్టాక్ బూస్ట్ క్లాక్ 1733 మెగాహెర్ట్జ్, పవర్ 180 వాట్లు. అదే చిప్‌తో ఈవీజీఏ తెచ్చిన ఎఫ్‌టీడబ్ల్యూ మోడల్ ఫ్యాక్టరీలోనే ఓవర్‌క్లాక్ అయి వచ్చింది. దాని బూస్ట్ 1860 మెగాహెర్ట్జ్, పవర్ 215 వాట్లు. లెక్క వేయండి: క్లాక్ పెరిగింది సుమారు 7 శాతం, పవర్ పెరిగింది సుమారు 19 శాతం. పైగా చల్లగా ఉంటే స్టాక్ కార్డు కూడా తనంతట తానే 1733 దాటి బూస్ట్ అవుతుంది. కాబట్టి గేమ్‌లో కనిపించే తేడా ఇంకా తక్కువే.

పవర్ ఎందుకంత పెరుగుతుంది? క్లాక్ పెంచాలంటే తరచూ వోల్టేజ్ కూడా పెంచాలి. వోల్టేజ్ కొంచెం పెరిగినా పవర్ దాని వర్గం లెక్కన పెరుగుతుంది. ఆ పవర్ అంతా చివరికి వేడిగానే బయటికొస్తుంది.

చిప్ చల్లగానే ఉంది, మరి వీఆర్‌ఎం?

పవర్ సప్లై నుంచి వచ్చే 12 వోల్టులను చిప్‌కు కావలసిన సుమారు 1 వోల్టుకు దించే సర్క్యూటే వీఆర్‌ఎం. అందులోని మాస్‌ఫెట్‌ల గుండా వందకు పైగా ఆంపియర్ల కరెంట్ వెళ్తుంది, అవి బాగా వేడెక్కుతాయి. చిప్ మీద హీట్‌సింక్ నేరుగా కూర్చుంటుంది. మాస్‌ఫెట్‌ల వేడి హీట్‌సింక్‌కు చేరాలంటే మాత్రం మధ్యలో థర్మల్ ప్యాడ్లు ఉండాలి.

ఎఫ్‌టీడబ్ల్యూలో దెబ్బ తగిలింది ఇక్కడే. సాఫ్ట్‌వేర్‌లో చిప్ టెంపరేచర్ మామూలుగానే కనిపించింది. ఫర్‌మార్క్ లోడ్‌లో థర్మల్ కెమెరాతో చూస్తే వీఆర్‌ఎం ప్రాంతం 100 డిగ్రీలు దాటింది. కార్డు పరిమితుల్లోనే పనిచేస్తోందని చెప్పిన ఈవీజీఏ, 2016 చివర్లో అడిగినవాళ్లకు అదనపు థర్మల్ ప్యాడ్లు ఉచితంగా ఇచ్చింది. ఫ్యాన్ వేగం పెంచే బయోస్ అప్‌డేట్ కూడా తెచ్చింది.

మన ఎండకు లెక్క

ఉదాహరణకు, 22 డిగ్రీల గదిలో వీఆర్‌ఎం 95 డిగ్రీలు చూపిందనుకోండి. గది కంటే 73 డిగ్రీలు ఎక్కువ. మన గది 37 డిగ్రీలుంటే? దాదాపు 110. ఫ్యాన్లు వేగం పెంచి కొంత తగ్గించొచ్చు, కానీ ఆ మోత మీరే భరించాలి. మదనపల్లె వైపు వాళ్లకు కాస్త వెసులుబాటు. తిరుపతి వాళ్లకు అది లేదు.

కొనేముందు ఇవి చూడండి

1. కార్డు విప్పి చూపించిన రివ్యూ వెతకండి. మాస్‌ఫెట్‌ల మీద, మెమరీ చిప్‌ల మీద థర్మల్ ప్యాడ్లు ఉన్నాయా?
2. రివ్యూలో గది టెంపరేచర్ చెప్పారా? చెప్పకపోతే ఆ నంబర్‌ను మన ఊరికి పోల్చలేం.
3. పవర్ కనెక్టర్లు చూడండి. పీసీఐఈ స్లాట్ 75 వాట్లు, ఒక 8 పిన్ కనెక్టర్ 150 వాట్లు ఇస్తుంది. రెండు 8 పిన్‌లు ఉన్నంత మాత్రాన కార్డు 375 వాట్లు లాగుతుందని కాదు. మీ పవర్ సప్లైకి ఆ కేబుళ్లు ఉన్నాయో లేదో చూసుకోండి.
4. హీట్‌సింక్ మందం, పొడవు మీ కేబినెట్‌లో పడతాయా? ముందు నుంచి గాలి వచ్చే దారి ఉందా?
5. సెకండ్ హ్యాండ్ అయితే ప్యాడ్లు, పేస్ట్ ఎప్పుడు మార్చారో అడగండి. ఈవీజీఏ 2022లోనే గ్రాఫిక్స్ కార్డుల వ్యాపారం నుంచి తప్పుకుంది. ఇంత పాత కార్డుకు వారంటీ మీద ఆశ పెట్టుకోకండి.

ఇప్పటికే ఓసీ కార్డు ఉంటే వేసవిలో ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్ 85 శాతానికి దించి చూడండి. ఫ్రేమ్‌లు కొద్దిగానే తగ్గుతాయి, వేడి మాత్రం బాగా తగ్గుతుంది.

మా మాట

ఓసీ కార్డు కొనడం తప్పేం కాదు. చాలాసార్లు దాంతో పెద్ద కూలర్ కూడా వస్తుంది. మన ఊళ్లో అదనపు డబ్బు పెట్టాల్సింది ఆ కూలర్‌కే. రెండు మోడళ్లకూ కూలర్ ఒకటే అయ్యి, పెరిగింది మెగాహెర్ట్జ్ మాత్రమే అయితే మామూలు మోడల్ తీసుకోండి. మిగిలిన డబ్బుతో కేబినెట్‌కు రెండు మంచి ఫ్యాన్లు కొనండి.