పుక్కిలింతకు లొంగని పంటి పాచి

మంచినీళ్ల బిందెను తోమక, నీరు మాత్రము మార్చుచు పోయినచో కొన్ని దినములకు లోపల జారుడు పొర పట్టును. ఎన్ని చెంబుల నీరు పోసి తొలిచినను అది వదలదు. కొబ్బరిపీచుతో రుద్దినప్పుడే వదలును. పంటి పాచియు ఇట్టిదే. సూక్ష్మజీవులు తాము పుట్టించిన జిగురులో గుంపుగా ఇమిడి ఏర్పరచుకొను ఈ పొరను ఆధునికులు బయోఫిల్మ్ అందురు.

పళ్లు తోమిన కొద్ది నిమిషములకే లాలాజలములోని మాంసకృత్తులు పంటిపై పలుచని పొరగా పరచుకొనును. దానిపై సూక్ష్మజీవులు చేరును. వానిలో స్ట్రెప్టోకోకస్ మ్యూటాన్స్ అనునది చక్కెరతో జిగురును తయారుచేయును. ఆమ్లమును పుట్టించి పంటి పింగాణీని కరిగించును. తొలగింపని పాచిలో సున్నపు లవణములు చేరి గట్టిపడినచో అదియే గార.

17వ శతాబ్దమున హాలెండు దేశపు లీవెన్‌హుక్ తన పంటి పాచిని సూక్ష్మదర్శినిలో చూచి, అందు కదలాడు జీవులను 1683లో వర్ణించెను. వెనిగర్ కలిపిన ఆ జీవులు చచ్చినను, పంటినంటిన పాచి లోపలికి అది చొరలేదని కూడ ఆయన గ్రహించెను. 1965లో ప్రకటితమైన హెరాల్డ్ లో పరిశోధనలో 12 మంది ఆరోగ్యవంతులు పళ్లు తోముట మానగా, 10 మొదలు 21 దినములలో అందరికిని చిగుళ్లవాపు వచ్చెను. మరల శుభ్రపరచుకొనగా తగ్గెను.

ఇచట నా పొరపాటు నొకదానిని చెప్పవలసియున్నది. చిగుళ్లనుండి రక్తము కారుచున్నదని ఒక ఇల్లాలు నావద్దకు వచ్చినది. త్రిఫలా కషాయముతో పుక్కిలింతలు, ఇరిమేదాది తైలముతో గండూషము చెప్పితిని. రక్తము తగ్గెను, దుర్వాసన తగ్గెను. ఆమెయు సంతోషించినది, నేనును సంతోషించితిని. క్రింది పళ్ల మొదళ్ల గారను చూచియు, దానిని తీయించుకొమ్మని గట్టిగా చెప్పనైతిని. మరుసటి యేడు ముందుపళ్లు రెండు కదలెను. గార క్రింద ఎముక అరిగిపోయినదని దంతవైద్యుడు చెప్పెను. ఆయన గారను తొలగింపగా తక్కిన పళ్లు నిలిచినవి. ఆ రెండు దక్కలేదు. దంతశర్కరను చిగుళ్లు నొవ్వకుండ తీయవలెనని సుశ్రుతుడు చికిత్సాస్థానమున చెప్పియే యున్నాడు. గురువుగారి యెదుట వల్లించిన ఆ పాఠమును ఆచరణలో మరచితిని.

గృహస్థులు పాటింపదగినవి:

1. రెండు పూటల పళ్లు తోమవలెను. చరకుడును సూత్రస్థానము 5వ అధ్యాయమున రెండు పూటలనే చెప్పెను. మెత్తని బ్రష్షుతో, ఫ్లోరైడుగల పేస్టుతో రెండు నిమిషములు తోముట మేలు. వేపపుల్ల వాడువారు దానిని మెత్తని కుచ్చుగా నమలి, చిగుళ్లు గాయపడకుండ రుద్దవలెను.

2. పళ్ల సందులను అందుకై దొరకు దారముతో గాని, చిన్న బ్రష్షుతో గాని శుభ్రపరచవలెను.

3. ఇటుకపొడి, బొగ్గు, గరుకు ఉప్పు వాడరాదు, పింగాణీ అరుగును.

4. పుక్కిలింత తోమిన పిదప సహాయము మాత్రమే. తోముటకు బదులు కాదు.

5. కట్టుడు పళ్లను రాత్రి తీసి, బ్రష్షుతో రుద్ది, శుభ్రమైన నీటిలో ఉంచవలెను. మరుగు నీటిలో వేసినచో వంకరపోవును.

6. గారను పిన్నులతో గీకికొనరాదు, దంతవైద్యునిచే తీయించుకొనవలెను. గార తీసినచో పళ్లు కదలునని భయపడువారు కలరు. అంతకుముందే పట్టు సడలిన పంటిని గార కప్పియుంచును. తీసినప్పుడు ఆ కదలిక తెలియును, అంతియే.

వైద్యశాలలలోను ఇదే సూత్రము. పరికరములను ముందు రుద్ది కడిగి, ఆ పిదపనే ఆటోక్లేవులో 121 డిగ్రీల ఆవిరికి ఉంచెదరు. మురికి మిగిలినచో దాని చాటున సూక్ష్మజీవులు బ్రతుకవచ్చును.

చిగుళ్లనుండి రక్తము వచ్చినను, పళ్లు కదిలినను ఆలస్యము చేయక చూపించుకొనవలెను. మధుమేహము గలవారు మరింత జాగ్రత్త వహింపవలెను. పాచిని కదలించుట మొదటి పని. మందు ఆ తరువాతిది.