ఇంగ్లీషు జాతీయాలు – వాటి అర్థాలు



మేము ఈ హాస్టల్లో ఉండి పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంటర్‌లో ఇంగ్లీషు మీడియంలో చేరినవాళ్ళం. మొదటి యూనిట్ టెస్టులో మాకు మార్కులు బాగా తగ్గాయి. లెక్చరర్ గారు పేపర్లు ఇస్తూ "పుల్ అప్ యువర్ సాక్స్" అన్నారు. మేము ముగ్గురం వంగి కాళ్ళవైపు చూసుకున్నాం. మా కాళ్ళకున్నవి హవాయి చెప్పులు! క్లాసంతా నవ్వింది. మాలో ఒకడు వారం రోజులు కాలేజీకే రాలేదు. పెట్టె సర్దుకొని ఊరికి పోతానన్నాడు. చివరికి లైబ్రరీలో డిక్షనరీ తిరగేస్తే, ఆ మాటకు 'ఇకనైనా గట్టిగా ప్రయత్నించు' అని అర్థమని తెలిసింది. ఆ అవస్థ మీకు రాకూడదనే ఈ నాలుగు మాటలు.

ఇడియం అంటే జాతీయం. ఇందులో విడివిడి పదాల అర్థం వేరు, మొత్తం మాటకు అర్థం వేరు. తెలుగులోనూ అంతే కదా! 'చెవిలో పువ్వు పెట్టాడు' అంటే మోసం చేశాడని మనకు తెలుసు. తెలుగు రాని వాడైతే చెవి తడుముకుంటాడు. కాబట్టి తెలియకపోవడం సిగ్గుపడాల్సిన విషయం కాదు.

కొన్ని ముఖ్యమైన జాతీయాలు:

1. బర్న్ ద మిడ్‌నైట్ ఆయిల్: రాత్రి పొద్దుపోయేదాకా చదవడం. నూనె దీపాల కాలంలో పుట్టిన మాట.

2. వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్: చాలా అరుదుగా. మన 'అమావాస్యకో పున్నానికో' లాంటిది.

3. మేక్ ఎ మౌంటెన్ అవుటాఫ్ ఎ మోల్‌హిల్: గోరంతలు కొండంతలు చేయడం. మోల్ అనేది నేలను తవ్వే చిన్న జంతువు. అది పోసిన మట్టికుప్పే మోల్‌హిల్.

4. క్యారీ కోల్స్ టు న్యూకాజిల్: ఉన్నచోటికే మళ్ళీ మోసుకుపోవడం, వృథా శ్రమ. న్యూకాజిల్ ఇంగ్లండులో బొగ్గు ఎగుమతికి పేరుపొందిన ఊరు.

5. మీట్ వన్స్ వాటర్లూ: కోలుకోలేని ఓటమి పొందడం. 1815 జూన్ 18న నెపోలియన్ నేటి బెల్జియంలోని వాటర్లూ దగ్గర ఓడిపోయాడు.

6. లాక్ ద స్టేబుల్ డోర్ ఆఫ్టర్ ద హార్స్ హాజ్ బోల్టెడ్: గుర్రం పారిపోయాక సాలకు తాళం వేయడం. అంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం.

వీటిని గుడ్డిగా బట్టీ పట్టకండి. స్టడీ అవర్‌లో రోజుకొక్కటి బోర్డు మీద రాసుకొని, సొంత వాక్యంలో వాడి చూడండి. నెలకు ముప్పై వస్తాయి. మేము అలాగే నేర్చుకున్నాం. అయితే వ్యాసంలో అవసరమైన చోటే వాడండి. కూరలో ఉప్పు ఎంతో, వ్యాసంలో జాతీయం అంతే.

పెట్టె సర్దుకున్న మా మిత్రుడు ఊరికి పోలేదు. ఇప్పుడు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెబుతున్నాడు. పిల్లలకు అతను మొదట నేర్పే జాతీయం ఏదో మీకు చెప్పనక్కరలేదు. నవ్విన నాపచేనే పండుతుంది, తమ్ముళ్ళూ!

– మీ అన్నయ్యలు, పూర్వ విద్యార్థులు