ఫైరింజను వచ్చేలోగా

చైత్రమాసం. మధ్యాహ్నం ఒంటిగంట. పడమటి గాలి ఈడ్చి కొడుతోంది. మా పాలెంలో ఒక అక్క పొయ్యి ఊడ్చింది. బూడిద తీసుకెళ్ళి పెంటకుప్ప మీద పోసింది. బూడిద చల్లారిందనే అనుకుంది. అడుగున రెండు కణికలు ఉన్నాయి. ఆమె చూసుకోలేదు.

పావుగంటకి పక్కింటి చూరు అంటుకుంది. తాటాకు ఇల్లు. ఎండకి గలగలలాడుతోంది. ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి, అలా అయిదు ఇళ్ళు కాలిపోయాయి. మనుషులు బతికారు. ఒక గేదెదూడ బతకలేదు. దాని కట్టు విప్పే ధ్యాస ఎవరికీ లేదు. పొదుపు పుస్తకాలు, రేషను కార్డులు, కూతురి పెళ్ళికని దాచిన చీర, అన్నీ పోయాయి.

ఫైరింజను ఆలస్యంగా వచ్చింది. అందరం వాళ్ళని తిట్టాం. తర్వాత కూర్చుని ఆలోచిస్తే తప్పు మనదీ ఉంది. ఇల్లు అంటుకున్నాక ఇరవై నిమిషాల దాకా ఎవరూ ఫోను చెయ్యలేదు. ఒకరు చేశారులే అని ఇంకొకరు అనుకున్నారు. చివరికి చేసిన కుర్రాడు ఊరి పేరు ఒక్కటే చెప్పి పెట్టేశాడు. ఆ పేరుతో మన జిల్లాలో మూడు ఊళ్ళు ఉన్నాయి!

ఆ రాత్రి చదువు కేంద్రంలో పలక ఎవరూ పట్టలేదు. ఇదే మాట.

"ఫైరింజను టౌనులో కదా ఉండేది. ఎంత తొందరగా వచ్చినా అరగంట. ఇల్లు పది నిమిషాల్లో కాలిపోయె. ఈలోగా ఏం చెయ్యాలి టీచరమ్మా?" అని ఒక అత్త అడిగింది.

అలా మొదలైంది మా ఊరి అగ్ని దళం. జీతం లేదు, యూనిఫాం లేదు. పద్దెనిమిది మందిమి. అందులో పది మంది ఆడవాళ్ళం. రచ్చబండ దగ్గర కొందరు నవ్వారు. "ఆడోళ్ళు నిప్పు ఆర్పుతారా?" అన్నారు. "రోజూ పొయ్యి ఆర్పేది ఎవరంట?" అంది మా అత్త. నిజమే కదా! మధ్యాహ్నం పూట మగవాళ్ళు పనుల మీద బయటికి పోతారు. ఊళ్ళో ఉండేది మనం, ముసలివాళ్ళు, పిల్లలు.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఒక ఓడ పేలిపోయింది. అందులో పత్తి బేళ్ళు, పేలుడు సామాను ఉన్నాయి. మంట ఆర్పడానికి వెళ్ళిన అగ్నిమాపక సిబ్బందిలో 60 మందికి పైగా చనిపోయారు. వాళ్ళ జ్ఞాపకంగానే ఈ వారం. ఆ రోజుల్లో ఫైరు సిబ్బందిని పిలిస్తే వచ్చి చేసి చూపిస్తారు. మేమూ అలాగే నేర్చుకున్నాం.

మా దళం సామాను చూస్తే మీకు నవ్వొస్తుంది. ఇరవై బకెట్లు, రెండు కుప్పల ఇసుక, గోనెసంచులు, పొడుగు దోటీలు, ఒక నిచ్చెన, నాలుగు కొడవళ్ళు. పురుగుమందు కొట్టే పంపులు కూడా పనికొస్తాయి. బాగా కడిగి నీళ్ళు పోసుకోవాలి.

ఒక సంగతి మాకు కొత్తగా తెలిసింది. అంటుకున్న ఇంటి మీదే అందరూ నీళ్ళు పోస్తారు. అది ఎలాగూ పోతుంది. గాలి ఎటు పోతోందో చూడాలి. అటువైపు ఇంటి కప్పును ముందు తడపాలి. అవసరమైతే దోటీతో ఆ చూరు తాటాకు లాగెయ్యాలి. మధ్యలో ఖాళీ వస్తే మంట అక్కడ ఆగుతుంది. తన చూరు లాగుతుంటే ఏ ఇల్లాలైనా అడ్డం పడుతుంది. అందుకే ముందుగానే మాట్లాడుకుని ఉండాలి. కొడవలి ఉన్నవాళ్ళు ముందు పశువుల పలుపులు కొయ్యాలి. కరెంటు ఉన్న ఇంటి మీద నీళ్ళు పొయ్యకూడదు. మెయిను ఆపాకే.

ఇంట్లో జాగ్రత్తకి వద్దాం. బూడిద మీద నీళ్ళు చల్లి, కలిపి, అప్పుడే బయట పొయ్యాలి. ఎండాకాలం వంట పొద్దున్నే ముగించుకోవాలి. 2016లో బీహారులో ఊళ్ళు తగలబడుతుంటే, ఉదయం 9 నుంచి సాయంత్రం 6 దాకా పొయ్యి వెలిగించవద్దని అక్కడి ప్రభుత్వం చెప్పింది. మగవాళ్ళ చుట్టలూ బీడీలూ ఆర్పి పడేయించే పని కూడా మనదే అయ్యేట్టుంది!

ఇప్పుడు చాలా ఇళ్ళలో గ్యాసు పొయ్యి ఉంది. గ్యాసు గాలికన్నా బరువు. పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. దానికి వాసన ఉండదు. మనకి తెలియాలనే కంపెనీవాళ్ళు ఆ చెడ్డ వాసన కలుపుతారు. వాసన వస్తే రెగ్యులేటరు ఆపండి. తలుపులు, కిటికీలు తెరవండి. లైటు స్విచ్చి వెయ్యకండి, వెలుగుతుంటే ఆపకండి కూడా. చిన్న నిప్పురవ్వ చాలు. బయటికి వచ్చి 1906కి ఫోను చెయ్యండి. గ్యాసు గొట్టం అయిదేళ్ళకి మార్చాలి.

సిలిండరు మీద కూడా చదవాల్సింది ఉంది. పైన ఇనప బద్దల లోపలి వైపు చూడండి. ఒక ఇంగ్లీషు అక్షరం, పక్కన రెండు అంకెలు ఉంటాయి. ఎ అంటే జనవరి నుంచి మార్చి. బి అంటే ఏప్రిల్ నుంచి జూన్. సి అంటే జులై నుంచి సెప్టెంబరు. డి అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. 'బి 29' అని ఉంటే 2029 జూన్‌లోపు దాన్ని మళ్ళీ పరీక్ష చెయ్యాలి. గడువు దాటిన సిలిండరు ఇస్తే తీసుకోకండి. మా కేంద్రంలో ఒక పిన్ని ఇలాగే వెనక్కి పంపింది. "ఈమెకి చదువెప్పుడొచ్చింది?" అన్నాడట తెచ్చినతను.

బూరెల మూకుడు అంటుకుంటే నీళ్ళు పొయ్యకండి, నూనె మంట ఎగిసి మీద పడుతుంది. పొయ్యి ఆపి మూత బోర్లించండి. నైలాను చీరతో వంట వద్దు. అది కరిగి ఒంటికి అతుక్కుంటుంది. చీర అంటుకుంటే పరుగెత్తకూడదు. నేల మీద పడి దొర్లాలి. పక్కనున్నవాళ్ళు గొంగళి గానీ మందపాటి నూలు దుప్పటి గానీ కప్పాలి. స్టవ్వు పేలి కోడలు పోయింది అనే మాట మనం చాలాసార్లు విన్నాం. అన్నీ స్టవ్వు తప్పులు కావు. అది ఇంకో రోజు మాట్లాడుకుందాం.

కాలిన చోట ఇరవై నిమిషాలు మామూలు చల్లటి నీళ్ళు ధారగా పొయ్యాలి. గాజులు, ఉంగరాలు, మెట్టెలు వెంటనే తియ్యాలి, వాపు వస్తే రావు. సిరా, పేస్టు, పసుపు, నూనె పుయ్యకూడదు. బొబ్బలు చిదపకూడదు. అతుక్కున్న బట్ట పీకకూడదు. 108కి ఫోను చెయ్యాలి.

ఫోను చేసేటప్పుడు కంగారులో మాట రాదు. అందుకే మా కేంద్రంలో ప్రతి ఒక్కరం ఈ మాటలు కాగితం మీద రాసి పొయ్యి ఎదురు గోడకి అంటించాం. మీరూ ఖాళీలు నింపి రాయండి. పైకి రెండుసార్లు చదవండి.

నిప్పంటుకుంటే: 101 లేదా 112
మా ఊరు ................
మండలం ................
జిల్లా ................
ఊళ్ళోకి వచ్చే దారి ................ దగ్గర
కాలుతున్నది: ఇల్లు / గడ్డివాము / గ్యాసు
దారి చూపించడానికి రోడ్డు మీద నిలబడేవారు ................