గాలి పిచికారి యంత్రము: వాడుక, సంరక్షణము

తోటకు తెగులు సోకినప్పుడు రైతు మందునకు సొమ్ము వెచ్చించును, కూలి యిచ్చును. అయినను తెగులు నిలువకున్నచో మందు మంచిది కాదని తలంచును. పెక్కు తడవలు దోషము మందునందు గాక యంత్రమునందే యుండును. ఒత్తిడి చాలని పిచికారి దగ్గరి యాకులను మాత్రమే తడుపును. రంధ్ర మరిగిన నాజిల్ మందును సన్నని తుంపరగా గాక ధారగా గార్చును. తడియని యాకున తెగులు ప్రవేశించి తోటయంతట వ్యాపించును. కావున యంత్రమును సరిగా వాడు విధమును ప్రతి కృషీవలుడు నెఱుంగవలెను.

ఇచ్చట బోర్డో మిశ్రమము నుదాహరణముగా గైకొందము. 1885లో ఫ్రాన్సు దేశమున మిల్లార్డే అను శాస్త్రజ్ఞుడు ద్రాక్ష బూజు తెగులునకు దీనిని ప్రకటించెను. 1910 ప్రాంతమున మైసూరు సంస్థానమందు డాక్టరు లెస్లీ కోల్మన్ పోకతోటల కొళెరోగమునకు దీనినే ప్రయోగించెను. ఈ మందు తెగులు రాకుండ గాచునదే గాని, ఆకులోనికి జొచ్చిన తెగులును మాన్పునది కాదు. అందుచే తెగులునకు ముందుగనే ఆకు రెండు వైపుల దీని పూత పడవలెను.

యంత్రము పనిచేయు విధము

తొట్టిలో మందుపై గొంత చోటు విడిచి, మూత బిగించి, పంపుతో గాలిని కొట్టుదుము. అణగిన గాలి మందును రబ్బరు గొట్టము గుండ నాజిల్‌నకు నెట్టును. తొట్టిని నిండుగ నింపినచో గాలికి చోటుండదు. కొంచెము చల్లగనే బలము తగ్గిపోవును. కావున 10 లీటర్ల తొట్టిలో 7 లీటర్లకు మించి పోయరాదు. మందు తరిగి గాలి యుండు చోటు రెట్టింపైనప్పుడు ఒత్తిడి సగమునకంటె దిగువకు బడును. అట్లు తగ్గినప్పుడెల్ల మరల గాలి కొట్టవలెను. చదరపు సెంటీమీటరునకు సుమారు 3 కిలోల ఒత్తిడి ఇట్టి మందునకు జాలును. తయారు చేసినవారు తెలిపిన హద్దును ఎన్నడును దాటరాదు.

మందు కలుపుట

1. ఒక కిలో మైలుతుత్తమును 50 లీటర్ల నీటిలో గరగించుడు. మట్టి, చెక్క లేక ప్లాస్టిక్ పాత్రలనే వాడుడు. ఇనుప పాత్ర పనికిరాదు.

2. ఒక కిలో మంచి రాతి సున్నమును కొద్దికొద్దిగా నీరు చిలికి విరియజేసి, 50 లీటర్ల నీటిలో గలుపుడు. సున్నము విరియునప్పుడు మిక్కిలి వేడి పుట్టును. ముఖము దూరముగ నుంచుడు.

3. ఈ రెంటిని మూడవ పాత్రలో నొక్కమారుగా పోయుచు కఱ్ఱతో గలియబెట్టుడు.

4. తళతళలాడు కత్తిని అందులో ముంచి తీయుడు. దానిపై ఎఱ్ఱని రాగిపూత కనబడినచో మరికొంత సున్నపునీరు చేర్చుడు.

5. పలుచని గుడ్డతో వడకట్టి తొట్టిలో పోయుడు. ఆ దినముననే వాడుడు. నిలువ మందు పనిచేయదు.

చల్లుట

ముందుగా మంచినీటితో యంత్రమును బరీక్షించి, కారు చోట్లను బిగింపుడు. గాలి తక్కువగా నుండు ఉదయమున లేక సాయంకాలమున, గాలికి వీపు త్రిప్పి చల్లుడు. ఆకు అడుగు భాగమును మఱవకుడు. ద్రాక్ష బూజు అచ్చటి సూక్ష్మరంధ్రముల గుండనే ప్రవేశించును. ఆకునుండి మందు బొట్లుగా రాలనారంభింపగానే ముందునకు సాగుడు. సున్నము అడుగున బేరుకొనకుండ నడుమ నడుమ తొట్టిని కదలించుచుండుడు.

సంరక్షణము

పని ముగిసిన వెంటనే యంత్రమును మూడు పర్యాయములు మంచినీటితో గడిగి, ఆ నీటిని గొట్టము, నాజిల్ గుండ చిమ్మింపుడు. కడిగిన నీటిని ఆ తోటలోనే చల్లుడు. బావులలో, చెఱువులలో గలియనీయకుడు. తొట్టిని బోర్లించి ఆరబెట్టుడు. తోలు వాషరు ఎండి ముడుచుకొన్నచో పంపు గాలిని పట్టదు. దానికి యంత్రపు నూనె రాయుడు. రబ్బరు వాషరునకు మాత్రము ఆ నూనె తగులనీయకుడు.

నాజిల్ మూసుకొనిపోయినప్పుడు సూదితో బొడువకుడు, రంధ్రము పెద్దదగును. మెత్తని కుంచెతో నీట గడుగుడు. నోటితో నూదుట ప్రాణాపాయకరము. నాజిల్ నుండి ఒక నిమిషమున వచ్చు నీటిని అప్పుడప్పుడు కొలువుడు. ఒకే ఒత్తిడిలో క్రొత్త నాజిల్ ఇచ్చుదానికంటె పదవ వంతు మించినచో మార్చివేయుడు.

ముఖ్యమైన హెచ్చరికలు

తొట్టిలోని గాలిని పూర్తిగా విడువక మూత తీయరాదు. మూత యెగిరి ముఖమునకు దగులును; మందు కండ్లలో బడును.

2,4-డి మొదలగు కలుపు మందులు వాడిన పిచికారిని ప్రత్తికి గాని, ద్రాక్షకు గాని వాడరాదు. తొట్టిలో మిగిలిన స్వల్పాంశమే ఆ పైరులను జెఱచును. కలుపు మందునకు వేఱు యంత్రము నుంచుటయే క్షేమము.

చల్లువారు చేతులకు తొడుగులు, కండ్లకు అద్దములు ధరించి, ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను. చేతులు కడుగుకొనక భుజింపరాదు, పొగ త్రాగరాదు. పిల్లలను దరి జేరనీయరాదు.

కడుగుటకు పట్టు కాలము స్వల్పము. కడుగక విడిచిన యంత్రము తెగులు దినమున మొరాయించినచో గలుగు నష్టము ఒక పంట.