వేగమునకు ఓనమాలు

రాయలసీమ పల్లెలలో బాలురు తామే చేసికొను వాహనమొకటి కలదు. మరమ్మతు షెడ్డులో పారవేసిన పాత బేరింగులు మూడింటిని అడిగి తెచ్చుకొందురు. ఒక చెక్కపలకకు వెనుక రెండు, ముందొకటి బిగింతురు. ముందరి అడ్డకర్రపై పాదములుంచి దానిని అటునిటు త్రిప్పుచు ఏటవాలు సిమెంటు బాటపై జారుదురు. యంత్రము లేదు, బండిని నిలుపునది మడమయే. ఏర్పేడు వీధులలో ఈ బేరింగుల బండి చప్పుడు వినని పెద్దలు లేరు. ఆ చప్పుడునకు విసుగుకొనని పెద్దలును లేరు. పెక్కు దేశములలో బాలబాలికలు నేర్చుకొనుచున్న కార్టు పందెమునందలి బండి దీనికి దూరపు చుట్టము. దానిని గూర్చి ఈ పాఠమున తెలిసికొందము.

1956వ సంవత్సరమున అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఆర్ట్ ఇంగెల్స్ అను నాతడు మొదటి కార్టును నిర్మించెను. అతడు పందెపు కార్లను తయారుచేయు కర్టిస్ క్రాఫ్టు అను సంస్థలో పనిచేసినవాడు. దినమెల్ల పెద్ద కార్లతో మెలగు ఆ మనుష్యునకు మిక్కిలి చిన్న బండియొకటి చేయవలెనను కోరిక పుట్టినది. ఇనుపగొట్టములను అతికి చట్రము చేసెను. గడ్డి కోయు యంత్రములకై తయారై మిగిలిపోయిన చిన్న ఇంజనును దానికి అమర్చెను. లూ బొరెల్లి అను మిత్రుడు తోడ్పడెను. పాసడెనా నగరమున రోజ్ బౌల్ క్రీడారంగము ప్రక్కన కార్లు నిలుపు విశాలమైన ఆవరణలో దానిని నడుపుచుండగా, చూచినవారు తమకును అట్టిదొకటి కావలెననిరి. ఆ ఉబలాటము శీఘ్రముగా దేశములు దాటినది. అంతర్జాతీయ మోటారు సమాఖ్యవారు 1962లో ఈ క్రీడకై ప్రత్యేక సంఘమును ఏర్పరచిరి. 1964లో రోము నగరమున జరిగిన మొదటి ప్రపంచ పోటీలో ఇటలీ దేశస్థుడగు గ్విడో సాలా గెలిచెను. 1966లో ఆ బిరుదమును పొందినది ఒక స్త్రీ. ఆమె పేరు సుసాన్నా రగనెల్లి. ఈ క్రీడలో పురుషులును స్త్రీలును ఒకే బాటపై ఒకే పందెమున పోటీపడుదురని మన బాలికలు గమనింతురు గాక.

కార్టు నిర్మాణమును తెలిసికొనుటకు మన ఎడ్లబండిని తలచుకొనుట మంచిది. ఎడ్లబండికి ఇరుసు కదలదు. చక్రములు దానిపై దేనికదియే తిరుగును. జారిపోకుండ కడసీల ఆపును. బండి మలుపు తిరుగునప్పుడు వెలుపలి చక్రము ఎక్కువ దూరము, లోపలి చక్రము తక్కువ దూరము పోవలెను. రెండును వేరువేరుగా తిరుగును గనుక చిక్కు లేదు. కార్టులో అట్లు కాదు. వెనుక చక్రములు రెండును ఒకే ఉక్కు ఇరుసునకు బిగింపబడియుండును. ఇంజను గొలుసుద్వారా ఆ ఇరుసునే త్రిప్పును. కావున ఒక చక్రమెన్ని చుట్లు తిరిగిన రెండవదియు అన్నియే తిరుగవలెను. కార్లలో ఈ చిక్కును తీర్చుటకు పండ్లచక్రముల అమరికయొకటి కలదు. కార్టులో అదియు లేదు. మరి మలుపు తిరుగుట ఎట్లు?

లోపలివైపు వెనుక చక్రము రవంత పైకి లేవవలెను. చోదకుడు స్టీరింగు త్రిప్పగనే, ముందు చక్రముల అమరికవలన లోపలివైపు ముందు చక్రము నేలను నొక్కును. చట్రము మెలిదిరుగును. దానితో వెనుక చక్రము నేలను విడిచి తేలును. మలుపు పూర్తియై స్టీరింగు సూటి కాగానే అది మరల నేలను తాకును. కార్టునకు కమానులు లేవు. ఆ ఇనుప గొట్టముల చట్రమే కమాను పనియు చేయును. అందుచేతనే మెలితిరుగని బిర్రైన చట్రము పందెమునకు పనికిరాదు. పని తెలియని వడ్రంగి బలము పేరిట అడ్డకర్రలు పెంచినట్లు, పని తెలియని మెకానిక్కు కార్టు చట్రమును బిగించి చెరచును.

కార్టు బరువును చోదకుని బరువును ఇంచుమించు సమానము. అతడు కూర్చుండు విధము మారినచో బండి నడక మారును. టైర్లు నున్ననివి, గీతలుండవు. పొడి బాటపై రబ్బరు ఎంత ఎక్కువగా నేలను తాకిన పట్టు అంత ఎక్కువ. వాన కురిసినచో నీరు తొలగుటకు గీతలుగల వేరు టైర్లను తగిలింతురు. ఎడమపాదము బ్రేకుపైనను, కుడిపాదము వేగమును పెంచు పెడలుపైనను ఉండును. రెండింటిని ఒక్కమారు త్రొక్కుట క్రొత్తవారందరి అలవాటు. ముందు మానవలసినదియు అదియే.

ఇక నడపు విద్య. మలుపును చూడగానే క్రొత్తవాడు దానిని హత్తుకొని తిరుగబోవును. నేర్చినవాడు బాట వెలుపలి అంచునుండి బయలుదేరి, మలుపు నడుమ లోపలి అంచును తాకి, మరల వెలుపలి అంచునకు జరుగును. ఇట్లు చేసినచో అతడు నడచు వంపు విశాలమగును. టైర్ల పట్టు ఒక్కటే అయినప్పుడు, వంపు వ్యాసార్ధము నాలుగింతలైనచో రెండింతల వేగముతో తిరుగవచ్చును. ఇది భౌతికశాస్త్రము చెప్పు లెక్క. ఆ శాస్త్రమే మరియొక లెక్కయు చెప్పును: వేగము రెండింతలైనచో, బ్రేకు నొక్కిన తరువాత బండి నిలుచుటకు పట్టు దూరము నాలుగింతలగును. కాన మలుపునకు ముందే, బాట సూటిగా ఉన్నచోటనే, బ్రేకు నొక్కి వేగము తగ్గింపవలెను. తగ్గించినవాడు మలుపు నడుమనుండి ఇంజనునకు పూర్తి బలము నీయగలడు. ఆ లాభము తరువాతి సూటిబాట పొడవునను అతనివెంట వచ్చును. తగ్గింపక దూకినవాడు జారుచు, స్టీరింగుతో పెనగులాడుచు వెనుకబడును. చూచువారికి మాత్రము ఈ రెండవవాడే వేగముగా పోవుచున్నట్లు తోచును! గడియారమునకు ఆ భ్రమ లేదు.

ఇక్కడ మీరొక ప్రశ్న వేయవచ్చును. పదునెనిమిదేండ్లు నిండనివాడు గేరుగల మోటారుసైకిలును రహదారిపై నడపరాదని చట్టము చెప్పుచున్నది. ఎనిమిదేండ్ల బాలుడు లైసెన్సు పొంది కార్టు పందెములో పాల్గొనవచ్చునా? పాల్గొనవచ్చును. పందెపు బాటపై అందరును ఒకే దిక్కున పోవుదురు. ఎదురువచ్చు లారీ లేదు. అడ్డువచ్చు ఆవు లేదు. బడి విడిచి బాట దాటు పసివాడు లేడు. అంచుల వెంబడి టైర్ల అట్టకములుండును. జెండాలు పట్టుకొని మార్షలులు నిలిచియుందురు. వైద్యుడు సిద్ధముగా నుండును. రహదారిపై ఇందులో ఒక్కటియు లేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోవును. రెప్పపాటులో ఎంత దూరము పోవునో మీరే లెక్కింపుడు. తిరుపతినుండి నాయుడుపేట పోవు రహదారి ఏర్పేడు మీదుగానే పోవుచున్నది. 2017 ఏప్రిల్ 21వ తేదీన ఏర్పేడు పోలీసుఠాణా ఎదుట గుమికూడిన జనముపైకి ఒక లారీ దూసుకొనివచ్చి పలువురు ప్రాణములను బలిగొన్నది. అదుపు తప్పిన బండి ఏమి చేయగలదో ఈ ఊరివారికి వేరుగా చెప్పనక్కరలేదు. పండుగనాటి రాత్రులలో ఇదే రహదారిపై మోటారుసైకిళ్లతో పందెములు వేయు యువకులను చూచినప్పుడు, వీరికి బాట మారవలెను గదా యనిపించును.

పందెపు బాటయు పొరపాటును క్షమింపదు. 2020 అక్టోబరులో హైదరాబాదు శివారున ఒక వినోదశాలలో కార్టుపై పోవుచున్న విద్యార్థిని జుట్టు చక్రములలో చిక్కుకొని, ఆమె మరణించినది. కార్టు ఇరుసునకు మూత ఉండకపోవచ్చును. వీపు వెనుకనే అది నిమిషమునకు వేల చుట్లు తిరుగుచుండును. కావున జుట్టును ముడిచి, శిరస్త్రాణము లోపలకు చేర్చి, దాని పట్టీని గడ్డము క్రింద బిగింపవలెను. చున్నీ, కండువా, వ్రేలాడు దారములు పనికిరావు. పందెములలో మందమైన దుస్తులు, చేతొడుగులు, చీలమండలను కప్పు బూట్లు, ప్రక్కటెముకలకు కవచము తప్పనిసరి. ఇవి లేకుండ బండినిచ్చు చోటికి పోకుడు. రుసుము తక్కువయని ఆశపడి అసలే పోకుడు.

నేర్చుకొనుట ఎట్లనగా, మొదట అద్దె కార్టుపై ఆరంభింతురు. దాని ఇంజను నెమ్మదియైనది. బాటను చదువుట, బ్రేకును నమ్ముట దానిపైననే అలవడవలెను. తరువాత శిక్షణశాల. ఆ తరువాత లైసెన్సు. మన దేశమున మోటారు క్రీడలను పాలించు సమాఖ్య 1971లో ఏర్పడినది. దాని కార్యాలయము చెన్నైలో కలదు. పందెములలో వయస్సునుబట్టి తరగతులుండును. జాతీయ పోటీలలో రోటాక్స్ అను ఆస్ట్రియా దేశపు 125 సీసీ ఇంజనులను విరివిగా వాడుచు వచ్చిరి. పెద్దల తరగతిలో అట్టి కార్టు గంటకు నూరు కిలోమీటర్లను దాటి పోగలదు. బెంగళూరున అక్బర్ ఇబ్రహీం స్థాపించిన మెకో సంస్థ ఎందరో బాలురకు శిక్షణ నిచ్చి, జాతీయ పోటీలను నడపినది.

మన ప్రాంతమునకు దగ్గరివాడుక మద్రాసుతో. మద్రాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బు 1953లో పుట్టినది. నెల్లూరు పోవు దారిలో షోళవరము వద్ద రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానస్థలమొకటి కలదు. పలు దశాబ్దములు అక్కడనే పందెములు జరిగెను. 1990లో శ్రీపెరుంబుదూరు సమీపమున ఇరుంగాట్టుకోట్టైలో క్రొత్త బాట సిద్ధమయ్యెను. తరువాత అచ్చటనే కార్టులకును ప్రత్యేకమైన బాట వేసిరి. ఏర్పేడునుండి ఉదయము బయలుదేరినవారు మధ్యాహ్నమునకు ముందే చేరవచ్చును. హైదరాబాదున 2023 ఫిబ్రవరి 11వ తేదీన హుస్సేనుసాగరము చెంతనున్న వీధులనే పందెపు బాటగా మార్చి విద్యుత్తు కార్ల ప్రపంచ పందెమును నడపిరి.

ఖర్చు విషయము దాచరాదు. సొంత కార్టు, ఇంజను, టైర్లు, ప్రయాణములు అన్నియు కలిసి లక్షల రూపాయలగును. ధనమున్నవాని బిడ్డకు ఈ క్రీడ సులభమనుట నిజమే. అయినను, ఏడుమారులు ప్రపంచ కార్ల పందెముల విజేతయైన మైకేల్ షూమాకర్ తండ్రి జర్మనీలో తాపీపనివాడు. కెర్పెన్ అను ఊరి కార్టు బాటను చూచుకొనుచు కుమారునకు నేర్పెను. ఇంగ్లండులో లూయిస్ హామిల్టన్ ఎనిమిదవ యేట కార్టు ఎక్కినప్పుడు, ఆ ఖర్చు భరించుటకు అతని తండ్రి ఒకటికి మించిన ఉద్యోగములు చేసెను. బ్రెజిలు వీరుడు అయిర్టన్ సెన్నా కార్ల పందెములలో మూడుమారులు ప్రపంచ విజేత. కార్టులలో మాత్రము 1979లోను, 1980లోను ప్రపంచ పోటీలో రెండవ స్థానముతోనే సరిపెట్టుకొనెను.

ఖర్చు తగ్గించు మార్గమును వెదకిన వానిని మన దగ్గరనే చూడవచ్చును. కోయంబత్తూరులో లక్ష్మీ మిల్లుల స్థాపకులగు తెలుగు మూలములుగల కుటుంబమున పుట్టిన కరివర్ధన్, మారుతి కారు ఇంజనుతో తక్కువ వెలకు పందెపు కార్లను 1980వ దశాబ్దపు చివర నిర్మించెను. ఎందరో యువకులు వానిపైననే పందెములు నేర్చిరి. 1995లో విమాన ప్రమాదమున ఆయన మరణించెను. 2003లో కోయంబత్తూరు సమీపమున చెట్టిపాళెములో తెరచిన 2.1 కిలోమీటర్ల బాటకు ఆయన పేరే పెట్టిరి. ఆ నగరమువాడే అగు నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ పందెములలో నడపిన మొదటి భారతీయుడు.

బండి నడపుట ఒక్కటే ఈ క్రీడ యనుకొనవలదు. టైరులోని గాలిని ఒక్క పౌను మార్చి బండి నడకను మార్చు మెకానిక్కులు, జెండా ఎత్తు మార్షలులు లేనిదే పందెము లేదు. పసుపు జెండా కనబడిన ముందు అపాయము కలదు, ఎవరిని దాటరాదు. నీలి జెండా కనబడిన వెనుకనుండి ఒక చుట్టు ముందున్నవాడు వచ్చుచున్నాడు, దారి ఈయవలెను. ఎరుపు కనబడిన అందరును ఆగవలెను. మార్షలులు స్వచ్ఛందముగా వచ్చు వారే; వారికి కార్టు కొనవలసిన పనిలేదు. చిత్తూరు, తిరుపతి జిల్లాల బాలురు ఇప్పటికే టైర్లు, బ్యాటరీలు, మోటారుసైకిళ్లు చేయు కర్మాగారములలో పనిచేయుచున్నారు. ఏర్పేడు చెంతనే ఐఐటీ కలదు. ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు మన దేశమున కార్టులను తామే నిర్మించి పోటీలకు తీసికొనిపోవుచున్నారు. బేరింగుల బండి చేసిన చేతులకు అది అందరానిది కాదు.

మొదటినాడు శిక్షకుడు క్రొత్తవానిని పది చుట్లు త్రిప్పించి, ప్రతి చుట్టునకు పట్టిన కాలమును కాగితముపై చూపును. తాను అతివేగముగా పోయితినని తలచిన చుట్టే అన్నింటికంటె నెమ్మదియని ఆ కాగితము చెప్పును. అప్పుడు శిక్షకుడు బ్రేకు ఎక్కడ నొక్కవలెనో బాట ప్రక్కనున్న గుర్తును చూపి, మరల పంపును. స్టీరింగునకు సహాయపడు యంత్రమేదియు లేదు గనుక, ఇరువది నిమిషములలో భుజములు, మణికట్టులు పీకును. మరునాడు ఉదయము కలము పట్టుకొనుటకును వ్రేళ్ళు మొరాయించును.